కట్టె కింద సద్ది

డాక్టర్ లక్ష్మీనరసింహ పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వార్డునుంచి గదికి, గదినుంచి వార్డుకు. గోదావరిఖనిలో గని కార్మికుల దవాఖానకు ఆయనే పెద్ద సర్జను. పన్నెండేళ్లుగా కత్తి పట్టిన చెయ్యి ఇవాళ కలం పట్టనంటోంది.

సంగతేమిటంటే, గని దవాఖానల్లో కుర్ర డాక్టర్లను సర్జన్లుగా తయారుచేసే పద్ధతికి తలాతోకా లేదు. ఒక పెద్దాయన మెచ్చితే ఏడాదికే సంతకం, ఇంకొకాయన అలిగితే నాలుగేళ్లకూ లేదు. అన్నిచోట్లా ఒకే కొలత ఉండాలని 1974లో పైవాళ్లకు బుద్ధి పుట్టింది. ఆ నియమాలు రాసే పని ఈయన నెత్తిన పడింది. రాశాడు కూడా, భేషుగ్గా: మూడేళ్ల శిక్షణ, అరవై ఆపరేషన్లు, చివర గురువు సంతకం.

ఆ కొలతకు మొదట తూగినవాడు ఆయన దగ్గరే పని నేర్చిన సొంత మేనల్లుడు ఉమామహేశ్వరే. మూడేళ్లు నిండాయి, అరవై రెండు ఆపరేషన్లు అయ్యాయి. సంతకం పడితే సోమవారంనుంచి బెల్లంపల్లి అవతల కొత్త దవాఖానకు అతనొక్కడే సర్జను. మంథనిలో అక్క విశాలాక్షమ్మ అప్పుడే ఊరంతా చాటేసింది.

మరి సంతకం ఎందుకు పడదు? ఆయనకు తెలియదు. నిజం చెప్పాలంటే తెలుసుకోవాలంటే భయం.

"గట్ల తిరుగుతున్నరేంది సారూ? జర కూసోండి," అన్నాడు పోశం. గనిలో కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని అతనిది. కాలు విరిగి మంచం పట్టి పది రోజులైంది.

డాక్టరు మంచం అంచున కూర్చున్నాడు. "పోశం, మీ కాడ కొత్తోడు పని నేర్సిండని ఎట్ల ఒప్పుకుంటరు?"

"లెక్క గిట్ల ఏం లేదు సారూ. ఆడు కట్టె నిలబెడ్తడు. నేర్పినోడు గా కట్టె కిందనే కూసోని సద్ది తింటడు. ముద్ద నిమ్మళంగ దిగిందా, పాసయినట్టే. పైకి సూసుకుంట తిన్నడా, పోరడు ఇంక నేర్వాలె."

"నువ్వెప్పుడన్న తిననన్నవా?"

"మా తమ్ముడు గట్టయ్య నిలబెట్టిన కట్టె కిందనే నేను తినలె. రెండు నెలలు ఆడు మాట్లాడలె నాతోని." పోశం నవ్వాడు. "మాట్లాడకపోతె పాయె, పానం ఉంటె సాలనుకున్న."

డాక్టరు గదికి వచ్చి సొరుగు లాగాడు. అందులో తన సెలవు చీటీ ఉంది. రెండేళ్లుగా బెల్టు కట్టుకుని నెట్టుకొస్తున్న హెర్నియాకు హైదరాబాద్‌లో స్నేహితుడి చేత ఆపరేషన్ చేయించుకోవాలని. పక్కగదిలోనే తాను తయారుచేసిన సర్జను ఉన్నాడన్న సంగతి ఆ చీటీ రాసేటప్పుడు తట్టనైనా లేదు. ఆయనకు సిగ్గేసింది.

అరవై రెండు! కాస్త నెత్తురు ఎక్కువ కారితే చాలు, ఉమామహేశ్వర్ "మామయ్యా" అంటాడు. అనగానే ఈయన చెయ్యి దూరుతుంది. ఆ అరవై రెండింటిలో మేనల్లుడు ఒంటిగా గట్టెక్కించినవి ఎన్ని? వేళ్లు మడిచాడు. రెండో చెయ్యి అవసరం రాలేదు.

తలుపు తోసుకుని ఉమామహేశ్వర్ వచ్చాడు. "సంతకమైందా మామయ్యా? అమ్మ మళ్ల కబురు పంపింది."

"కాలేదు. కాదు కూడా."

"నా లెక్కల తప్పేముంది?"

"నీ లెక్కల లేదురా, నా చేతుల్ల ఉన్నది. పిలిస్తె చాలు దూర్చిన. నిన్ను నేర్వనియ్యలె." డాక్టరు సెలవు చీటీని రెండుగా చించాడు. "ఇంకో ఆరు నెలలు చేతులు వెనక్కి కట్టుకుని నీ ఎదురుంగ నిలబడ్త. గా తర్వాత నా హెర్నియా నువ్వే చెయ్యాలె."

ఉమామహేశ్వర్ ముఖం పాలిపోయింది. "మీకా? నేనా? నాతోని కాదు మామయ్యా!"

"సోమవారం నుంచి బెల్లంపల్లి అవతలోళ్లకు చేస్తనన్నవు గదరా."

ఉమామహేశ్వర్ కుర్చీలో కూలబడ్డాడు. డాక్టరు పొట్ట కింది బెల్టు ఒక రంధ్రం బిగించుకున్నాడు. నియమాల కాగితం ముందుకు లాక్కుని, అరవై ఆపరేషన్లు అన్నచోట "అందులో చివరి పది గురువు చెయ్యి తగలనివి" అని చేర్చాడు.