మారయ్య కట్టిన గట్టు

మారయ్య క్రాంజీకి వచ్చినప్పుడు అక్కడ మనుషులు కాపురం ఉండగలరని ఎవరూ అనుకోలేదు. యుద్ధం ముగిసి ఎంతోకాలం కాలేదు. కూలికి వచ్చిన జొహోర్ రబ్బరు తోటలో కూలీల మేస్త్రీ కంగాణీతో కలబడి, ఇక అక్కడ బతకనివ్వరని తెలిసి, భార్య రాములమ్మనూ ఆమె చంకలోని పసిపిల్లనూ వెంటబెట్టుకుని సముద్రపు పాయ మీది వంతెన దాటి, క్రాంజీ ఉన్న ద్వీపానికి వచ్చాడు. చిత్తడి అడవి అంచున మనిషెత్తు లాలాంగ్ గడ్డి పెరిగిన నేల చూసి, ఇదే మనదన్నాడు. ఎవరిని అడగాలో తెలియదు. అడిగే మనిషీ కాదు.

ఆ నేల వాళ్ళను రానివ్వలేదు. గడ్డి తగలబెడితే వారం తిరక్కుండా మళ్ళీ మొలిచింది. అడవిపందులు దుంపల మడి తవ్విపోశాయి. మొదటి ఆవు పాము కరిచి చచ్చింది. పోటు వచ్చిన ప్రతిసారీ ఉప్పునీళ్ళు కాలవ వెంట ఎక్కివచ్చి ఆకుకూరలను మాడ్చేసేవి. మారయ్య ఆ నీళ్ళ మీద పగబట్టాడు. బురద ఎత్తిపోసి గట్టు కట్టాడు. గట్టుకొక తూము, తూముకు చెక్క తలుపు పెట్టాడు. పోటు దిగినప్పుడు తలుపు తీయాలి, ఎక్కేముందు వేయాలి. రాములమ్మ రెండో కాన్పుకు నెలలు నిండేదాకా తట్టలతో బురద మోసింది. పక్క పొలం చైనా రైతు పందులు గట్టు తొక్కాయని మారయ్య కత్తి పట్టుకుని వాళ్ళింటి మీదికి వెళ్ళాడు. ఆ తర్వాత ఆ దారిన ఎవరూ రాలేదు.

పెద్దపిల్ల లీలావతికి పదేళ్ళప్పుడు, జోరువానలో పెద్ద పోటు ఎక్కుతున్న సాయంత్రం, తూము తలుపు ఊగుతోంది, వెళ్ళి పట్టుకోమని తండ్రి పంపాడు. రాములమ్మ వద్దని అడ్డం పడితే ఆమెను పక్కకు తోసి, తాను ఆవులను మెట్టకు తోలడానికి పోయాడు. తూము తెగింది. పిల్ల మర్నాడు మడచెట్ల వేళ్ళ మధ్య దొరికింది. ఆ వారమే మారయ్య తూము మళ్ళీ కట్టాడు. రాములమ్మ మాత్రం అప్పటినుంచి భర్తతో మాట్లాడలేదు. వండిపెట్టింది, పాలు పితికింది, చిన్నపిల్ల తారాదేవిని పెంచింది. చెప్పవలసిందేదైనా ఉంటే తార చేత చెప్పించింది.

ఏళ్ళు గడిచాయి. నదికి ఆనకట్ట పడి పోటు రావడం ఆగిపోయింది. తార పెళ్ళి చేసుకుని హౌగాంగ్‌లో ఫ్లాట్ తీసుకుంది. ఆమె కూతురు ప్రణవి నగరం నడిబొడ్డున తంజోంగ్ పగార్‌లో కంప్యూటర్ ఉద్యోగంలో చేరింది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడుతున్న రోజులవి. ఆ పని కోసం ఆంధ్ర నుంచి విమానాల నిండా కుర్రాళ్ళు దిగుతున్నారు. వాళ్ళలో కాకినాడ నుంచి వచ్చిన పృథ్వీది ప్రణవి పక్క సీటు. ముందుతరం తెలుగువాళ్ళ కథలు వెబ్‌సైట్‌లో పెట్టాలని అతని ఉబలాటం. క్రాంజీ పొలానికి సర్కారు తర్వాత ఇచ్చిన కౌలు గడువు తీరిందనీ, ఏడాది చివరికి ఖాళీ చేయాలనీ విని, ఒక ఆదివారం ప్రణవితో, తారతో కలిసి బస్సెక్కి వచ్చాడు.

మారయ్య అతన్ని కూర్చోమనలేదు. ఏసీ గదుల్లో కూర్చునే మీకేం తెలుసని ఈసడించాడు. అయినా అడిగేకొద్దీ చెప్పాడు. గడ్డి గురించి, పందుల గురించి, ఉప్పునీళ్ళను ఆపిన గట్టు గురించి. చెబుతూ చెబుతూ నడుం నిటారు చేశాడు. పిల్లలెంతమందండీ అని పృథ్వీ అడిగాడు.

"ఒకర్తే. తార."

గిన్నెలు తోముతున్న రాములమ్మ లేచి వచ్చి భర్త ఎదురుగా నిలబడింది. తల్లి ఆయన ముఖంలోకి చూడటం తారకు గుర్తున్నంతలో అదే మొదలు.

"పెద్దదాని పేరు సెప్పు," అంది రాములమ్మ.

మారయ్య గట్టు వైపు తిరిగాడు.

"దాన్నెవులు పంపినారో అదీ సెప్పు. ఆ బాబుని రాసుకోనీ."

"నీళ్ళు అట్టుకుపోనాయి. నానేటి సేస్తాను? ఆ తలుపు ఒగ్గేస్తే మనకి కూడు నేదు."

"ఆవుల్ని మెట్టకి తోలినావు. పిల్లని నీళ్ళలోకి తోలినావు."

ఆమె లోపలికి వెళ్ళి చీరలు మూటగట్టుకుని వచ్చి తార చేయి పట్టుకుంది. పొమ్మనీ, ఈ నేల తనదనీ, తన చెమట తిని బతికినవాళ్ళేననీ మారయ్య వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. బస్సు వచ్చేదాకా ఆ అరుపులు వినిపించాయి.

ఏడాది చివర యంత్రాలు వచ్చి గట్టును నేలమట్టం చేశాయి. తండ్రిని హౌగాంగ్ తీసుకొస్తానని తార అంటే, ఇది నీ ఇల్లు, తెచ్చుకో, నేను వెళ్ళిపోతానంది రాములమ్మ. అది బెదిరింపు కాదని తారకు తెలుసు. ఆ మాటే తండ్రికి చెప్పింది. అతను క్రాంజీ రోడ్డులో ఒక మేకల ఫారంలో, పాలు పితికే షరతు మీద షెడ్డులో ఓ మూల సంపాదించుకున్నాడు. తార ఆదివారాలు అన్నం తీసుకెళ్ళేది. అతను తిని, క్యారియర్ కడిగి ఇచ్చేవాడు.

పృథ్వీ తన వెబ్‌సైట్‌లో పేజీ పెట్టాడు. అందులో గట్టు ఉంది, లీలావతీ ఉంది. ఆమె ఎలా పోయిందో రాములమ్మ చెప్పిన మాటల్లోనే ఉంది. ప్రణవి చదివి వినిపిస్తే ముసలామె రెండోసారి చదివించుకుంది. దీన్ని ఎవరెవరు చూస్తారని అడిగింది. ఎవరైనా చూడొచ్చంటే, మంచిదంది.

తార నోట ఈ సంగతి విన్న మారయ్య, ఓ మధ్యాహ్నం రబ్బరు బూట్లతో తంజోంగ్ పగార్ ఆఫీసు కిందికి వచ్చాడు. సెక్యూరిటీవాళ్ళు ఆపేశారు. ప్రణవి దిగివచ్చింది.

"గట్టు మాట ఉంచు. పిల్ల మాట తీసీ," అన్నాడు.

"కెనాట్, తాతా," అంది ప్రణవి అక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో. "అమ్మమ్మ చెప్పింది అది."

"నాను పిల్లని సంపినోడినా? ఊరందరికీ అదే సెప్తావా?"

"అమ్మమ్మ చెప్పింది అబద్ధమా? అబద్ధం అని చెప్పు. ఇప్పుడే తీయించేస్తా లా."

మారయ్య చేయి ఎత్తాడు. సెక్యూరిటీ మనిషి అడుగు ముందుకేశాడు. లంచ్‌కి వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఎత్తిన చేయి కాసేపు అలాగే ఉండి, దిగింది. అతను వెనక్కి తిరిగి, రైలు స్టేషన్ ఎటో తెలియక ముందు ఒకవైపు, తర్వాత ఇంకోవైపు నడిచాడు. ప్రణవి దారి చూపించలేదు.

ఇంటికెళ్ళి చెబితే రాములమ్మ ఒక్కటే అడిగింది.

"అబద్దమన్నాడా?"

"అనలేదు, అమ్మమ్మా."

ఆమె తల ఊపింది. ఆ ఆదివారం క్యారియర్ తానే సర్ది తారకిచ్చింది. తాను మాత్రం వెళ్ళలేదు, ఆ తర్వాతా ఎన్నడూ వెళ్ళలేదు.