గుట్ట మీద గాలి యంత్రం

స్నేహలతది కోటగిరి. చెరుకు రైతుల ఇంట్లో పుట్టింది. నిజామాబాద్‌లో ఉంటూ గాలిలోని పొగ, దుమ్ము కొలిచే ఉద్యోగం చేస్తోంది. పట్నం పొగ, చెరుకు తోటల్లో తగలబెట్టే ఆకు పొగ అడవిలోకి ఎంత చేరుతోందో తెలుసుకోవడానికి, పట్నానికి దగ్గర్లో ఉన్న టేకు గుట్ట మీద రేకుల గది కట్టి యంత్రం పెట్టారు. వారానికోసారి ఆమె ఎక్కి వెళ్లి అందులో ఫిల్టర్ మార్చి వస్తుంది.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఆ పని మీద ఉండగానే యంత్రంలో పొగ ఎంతుందో చూపే అంకె పెరగసాగింది. చెడిపోయిందేమో అనుకుని ఆపి మళ్లీ వేసింది. అంకె ఇంకా పైకి పోయింది.

"మేడం! అగ్గి!"

ఫారెస్టు వాచర్ గంగుబాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎగపోస్తూ వచ్చింది.

"ఇప్పపువ్వు ఏరెటోళ్లు నేల సాఫయితదని చెట్టుకింద ఆకు కాలవెట్టినట్టున్నరు. దిగే తొవ్వ మొత్తం అంటుకున్నది."

"ఇంకో తొవ్వ లేదా?"

"ఎనుక నిలువు బండ. కోతులు దిగుతయి గని మనం దిగలేం."

స్నేహలత ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసింది. బండి బయలుదేరిందని, గుట్ట పైకి మాత్రం ఎక్కడం కుదరదని చెప్పారు. గంగుబాయిని లోపలికి లాగి తలుపు వేసింది. అయినా సందుల్లోంచి పొగ వస్తూనే ఉంది. అంకె ఆ యంత్రం చూపగలిగినంత వరకూ పోయి అక్కడే నిలిచిపోయింది. గోడకు చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది.

"ఈడనే ఉంటే పెంక మీద రొట్టె లెక్కయితం," అంది గంగుబాయి.

స్నేహలతకు నాన్న రామ్‌దాస్ గుర్తొచ్చాడు. ఒకసారి పక్క తోట తగలబడితే ఆయన తన చేను అంచున ఆకు తనే ముందుగా కాల్చేసి, అందరినీ ఆ బూడిదలో నిలబెట్టాడు.

"గంగక్కా, నీ దగ్గర అగ్గిపెట్టె ఉన్నదా?"

గంగుబాయి చూపు తిప్పుకుంది. అడవిలో వాచర్లు అగ్గిపెట్టె దగ్గర పెట్టుకోకూడదు.

"ఎందుకు?"

"గది ఎనుక గడ్డి మనమే కాలవెడదాం. బండ దాకా పోయి ఆరిపోతది. కాలిన జాగల ఇంకోసారి అగ్గి రాదు. మనం అండ్లనే ఉందాం."

"అడవిని కాసేదాన్ని. నేనే అంటువెట్టాల్నా? కేసైతది బిడ్డా. కొలువు పోతది."

"అంటువెట్టేది నేను. నువ్వు పెట్టె ఇయ్యి."

ఎక్కడో టేకు చెట్టు పెళపెళమని కూలింది. గంగుబాయి నడుముకు దోపుకున్న పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది.

మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. రెండోది గడ్డిని అందుకుంది. మంట గాలి వెంట బండ వైపు పరుగెత్తింది. ఆ వెనకే ఇద్దరూ ఇంకా పొగలు కక్కుతున్న నేల మీదికి ఉరికారు. సీసాలో నీళ్లతో చున్నీ, కొంగు తడుపుకుని మొహాల మీద కప్పుకుని బోర్లా పడుకున్నారు. పెద్ద మంట వచ్చింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. లేచి పరుగెత్తబోయిన స్నేహలత మణికట్టును గంగుబాయి గట్టిగా పట్టుకుంది.

"లేవకు. ఊపిరి కొంచెం కొంచెం తియ్యి బిడ్డా."

హోరు దాటిపోయాక తలెత్తి చూస్తే గది పైకప్పు కూలి ఉంది. సాయంత్రానికి మనుషులొచ్చి ఇద్దరినీ కిందికి దించారు.

విచారణకు వచ్చిన అధికారి గది వెనుక నిప్పు ఎవరు పెట్టారని అడిగాడు.

"నేనే," అంది స్నేహలత.

"అగ్గిపెట్టె ఎక్కడిది?"

ఆమె నోరు తెరిచేలోపే గంగుబాయి అంది, "నాదే సారూ. బీడీ తాగుత."

ఆయన అది రాసుకున్నాడు. తర్వాత గంగుబాయిని అడవి నుంచి తీసి నర్సరీలో మొక్కలకు నీళ్లు పోసే పనికి వేశారు. కేసు మాత్రం పెట్టలేదు.

వానలు పడ్డాక గుట్ట మీద కొత్త గది లేచింది. తనను వేరే చోటికి వేయమని స్నేహలత ఆఫీసులో అడిగింది. మనుషులు లేరు, నువ్వే పోవాలన్నారు.

ఒంటరిగా ఎక్కింది. లోపల రంగు వాసన. ఫిల్టర్ పెడుతుండగా గాలికి తలుపు మూసుకుంది. ఆమె ఫిల్టర్ అక్కడే వదిలేసింది. తలుపు తోసుకుని బయటికొచ్చి, వాకిట్లో కూర్చుని గంగుబాయికి ఫోన్ చేసింది.

"లోపలికి పోబుద్ధి అయితలేదక్కా."

"నాకైతే పొయ్యి ముందర కూసోబుద్ధి అయితలేదు," అంది గంగుబాయి. "తలుపుకు రాయి అడ్డం వెట్టు. పని చేసుకుంట మాట్లాడు. నేను వింట."

స్నేహలత రాయి వెతికి తెచ్చింది.