సగం ప్రశ్న మిగిలిన కుర్చీ

కుర్చీలు అల్లే ఆయన పొద్దున్నే కొట్టు తెరిచి, ముందుగా పేము చుట్టలను నీళ్ళ తొట్టిలో వేస్తాడు. నానితేనే పేము చెప్పినట్టు వంగుతుంది. అది నానేలోగా, మరమ్మతుకు వచ్చిన ప్రతి కుర్చీలోనూ ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు కూర్చోవాలి. కుర్చీలో కూర్చున్నవాళ్ళ ఆలోచనలు అల్లికలో ఉండిపోతాయి కదా! మళ్ళీ ఎవరైనా కూర్చుంటే వినిపిస్తాయి, అల్లిక కోసేస్తే పోతాయి. అందుకే పూర్తిగా విన్నాకే కత్తి పెట్టడం ఆ ఇంటి మర్యాద. పళ్ళ డాక్టరు ముందుగదిలోంచి కుర్చీలు వచ్చిన రోజున మాత్రం, నువ్వు కూర్చోమంటే నువ్వు కూర్చోమని వంతులు పడేవారు.

ఆయన కూతురిని ఇంట్లో అందరూ ‘ఎందుకమ్మ’ అనేవారు. మాటలు వచ్చిన నాటినుంచీ ఆ పిల్ల అడిగేది అదొక్కటే మరి. ఆర్థికశాస్త్రంలో డిగ్రీ చేసి, పైచదువుకి వెళ్ళాలని ఆమె కోరిక. డిగ్రీలో పుస్తకంలో ఉన్నది నేర్చుకుంటారు, పైచదువులో పుస్తకంలో లేనిది వెతుకుతారు. వెతకడం డిగ్రీలోనే అలవాటు కాకపోతే తర్వాత కష్టం. రెండు కాలేజీలు సీటిచ్చాయి. ఊరి మధ్యలో ఉన్న పెద్ద కాలేజీ ఒకటి, వంతెన అవతల ఉన్న చిన్న కాలేజీ ఒకటి. ఏదో ఒకదానికి ఆ సాయంత్రంలోగా సరే అనాలి.

“పేరు చూడవే కోడలా! రేపు ఎవరడిగినా ఏ కాలేజీ అనే అడుగుతారు,” అన్నాడు బ్యాంకులో పనిచేసే మేనమామ, బెంచీ మీద కాళ్ళూపుతూ.

“పైచదువుకి వెళ్తే లెక్కలెంత వచ్చని కూడా అడుగుతారట మామయ్యా. పెద్ద కాలేజీలో ఆర్థికశాస్త్రం వాళ్ళకి లెక్కలు మొదటి ఏడాదితో సరి.”

“దానికేం, క్యాలిక్యులేటరు కొనిస్తాలే!”

సెలవుల్లో కాలేజీలన్నీ పాడైన కుర్చీలు పంపుతాయి. ఆ రెండు కాలేజీలవీ వచ్చి ఉన్నాయి. ఎందుకమ్మ ముందు పెద్ద కాలేజీ కుర్చీలో కూర్చుంది. ‘ఇది పరీక్షలో వస్తుందా?’, ‘గంటెప్పుడు కొడతారు?’ అని వినిపించింది. అబద్ధమెందుకు, శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్న అలికిడి కూడా ఉంది. మంచి కాలేజీయే అనుకుంటూ లేచి రెండో కుర్చీ వైపు తిరిగేసరికి, తండ్రి దాని అల్లికను అప్పటికే సగం దాకా కోసేశాడు.

“నాన్నా! ఎవరు విన్నారని కోశావు?”

“మీ అమ్మ వినేసింది కదా?”

“అమ్మ పొద్దున్నే డాక్టరుగారి కుర్చీలివ్వడానికి వెళ్ళింది!”

ఆయన కత్తి కింద పెట్టేశాడు. వినకుండా కోయడం ఇన్నేళ్ళలో ఒక్కనాడూ జరగలేదు. ఎందుకమ్మ మిగిలిన అల్లిక మీద ఓరగా కూర్చుంది. ఎవరో అమ్మాయి గొంతు గబగబా వినిపించింది. ‘వాన పడితే గొడుగు అందరికీ కావాలి కదా మేడమ్, మరి మా వీధిలో గొడుగులాయన ధరెందుకు పెంచడు? పెంచకపోతే ఆయనకి...’

అంతే. తర్వాత ఏమీ లేదు.

ఇక ఆ పిల్లకి కాలు నిలవలేదు. పెంచకపోతే నష్టమనా? నమ్మకమనా? పక్క కొట్టాయనంటే భయమనా? కలిపిన అన్నం తినడం మరిచిపోయింది.

“ధర పెంచితే జనం తిడతారు, అంతే!” అన్నాడు మేనమామ.

“తిడితే ఏం మామయ్యా? తడుస్తూ తిడతారు, కొనుక్కుని వెళ్తారు. అయినా పెంచడు. ఎందుకు?”

ఆయన తన గొడుగు ఎంతకి కొన్నాడో గుర్తు చేసుకోసాగాడు.

మధ్యాహ్నం చిన్న కాలేజీ టీచరమ్మ కుర్చీ కోసం వచ్చింది. తండ్రి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. “తప్పయిపోయిందండీ. గొడుగుల ప్రశ్న ఒకటి, సగం నా చేతుల్లోనే పోయింది.”

“గొడుగుల సంగతా?” ఆవిడ నవ్వింది. “అడిగిన పిల్ల పైచదువుకి వెళ్ళిపోయింది. మిగతా సగం నాకూ సరిగ్గా గుర్తులేదు. జవాబు మాత్రం ఇంకా దొరకలేదండీ. వానొస్తే చాలు, పిల్లలూ నేనూ కలిసి బజారంతా తిరుగుతాం. తర్వాత బోర్డు నిండా లెక్కలే.”

“లెక్కలు మూడేళ్ళూ ఉంటాయాండీ?” అంది ఎందుకమ్మ.

“ఉంటాయి. ఏమ్మా, భయమా?”

“కాదండీ. చాలవేమోనని.”

ఆ సాయంత్రమే ఆమె చిన్న కాలేజీకి సరే అంది. మేనమామ క్యాలిక్యులేటరు ఎలాగూ కొనిచ్చాడు, గొడుగు కూడా.

మూడేళ్ళు గడిచి, ఎందుకమ్మ పైచదువుకి ప్రయాణం కట్టిన వేసవిలో, అదే కుర్చీ మళ్ళీ కొట్టుకి వచ్చింది. ఆయన కత్తిని అటక మీద పెట్టేసి, తలుపు దగ్గరికి వేసి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కూతురి గొంతు మొదలైంది. గొడుగులు, వానలు, ఏవేవో గుర్తులు, మధ్యమధ్య ‘కాదు, మళ్ళీ చూద్దాం’ అనడం. ఆయనకి సగం కూడా అర్థం కాలేదు. తొట్టిలో పేము నాని నాని మెత్తబడిపోయింది. భార్య భోజనానికి పిలిస్తే, ఉండమన్నట్టు చెయ్యి చూపించాడు.

ఇంకా అవలేదు మరి.