నువ్వుగింజంత మచ్చ

ప్రతి ఆదివారం పొద్దున, నేను నడపని నా బండిని నేనే తుడుస్తాను. కవరు తీసి, మెత్తటి గుడ్డతో ట్యాంకూ మడ్‌గార్డూ తుడిచి, మళ్ళీ కవరు కప్పి తాడు కడతాను. స్టేషన్ ఘన్‌పూర్ అవతలి పల్లెల్లో నర్సుగా తిరిగే నేను, నా జీతంతో కొనుక్కున్న మోటార్ సైకిల్ అది. మూడు నెలలుగా వరండా దాటలేదు.

కొన్న వారానికే, కంకర లారీ వెనక పోతుంటే ఒక రాయి ఎగిరొచ్చి ట్యాంకుకు తగిలింది. నువ్వుగింజంత రంగు పోయింది. మా ఆయన హరికృష్ణ ఫోను లైటు వేసి దాన్ని అరగంట చూశాడు. హన్మకొండ తీసుకెళ్ళి రంగు మీద అద్దంలాంటి ఫిల్ము అతికించుకొచ్చాడు. అయినా ఫికరు తీరలేదు. "ఆ రోడ్డు మంచిగయ్యేదాంక బస్సుకు పో వినోదా. పెయింటు ఒక్కసారి పోతే మళ్ల రాదు" అన్నాడు. సరేనన్నాను. అత్తగారింట్లో నేను నేర్చిన మొదటి వంటకం ఆ సరేనే.

ఐదింటికి లేచి మూడు అన్నం డబ్బాలు కట్టి, బస్సెక్కి, ఘన్‌పూర్‌లో టీకాల పెట్టె తీసుకుని, షేర్ ఆటో నిండేదాకా కూర్చుని, పల్లె చేరేసరికి ఎండెక్కుతుంది. అంగన్‌వాడీ అరుగు మీద తల్లులు పసిపిల్లల్ని కొంగు కింద దాచుకుని ఎదురుచూస్తుంటారు. ఇంట్ల పనంతా ఒడిసినంక తీరిగ్గా వస్తవేందమ్మా అని మా సూపర్‌వైజరు అందరి ముందూ అన్నాడు. మొన్న బుధవారం కమల అనే బాలింత చూసి చూసి కూలికి వెళ్ళిపోయింది. బిడ్డకు టీకా పడలేదు. ఇంటికొచ్చి చెబితే హరికృష్ణ నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే బండి కవరు తాడు ఇంకాస్త బిగించాడు. చెడ్డవాడు కాదు. నేను పడిపోతానన్న భయాన్ని కూడా రంగు మీద పెట్టి చెబుతాడు. అది తెలుసు గనక నాకు కోపం కూడా పూర్తిగా రాదు, అదే నా బాధ.

ఇవన్నీ మా అత్తమ్మ భద్రమ్మ వింటూనే ఉంది. కొత్తవాడలో ముప్పై ఏళ్ళు జంపఖానాలు నేసిన మనిషి. మాట తక్కువ. ఈ ఆదివారం నేను బండి తుడుస్తుంటే లోపలికి పిలిచింది. మంచం మీద ఒక పట్టుచీర ఉంది. ఆమె ఒంటి మీద దాన్ని నేనెప్పుడూ చూడలేదు. విప్పి చూస్తే ప్రతి మడత దగ్గరా చినిగి ఉంది.

"మీ మామ తెచ్చిండు. కట్టుకుంట అంటే ఖరాబైతది, దాసుకో అన్నడు. ఏ పెండ్లొచ్చినా గదే మాట. ఒక్కనాడు కట్టలే బిడ్డా. మడతలనే చినిగింది."

ఆమె ఏడవలేదు. నాకే కళ్ళు నిండాయి. అప్పుడు దిండు కింద నుంచి ఇంకొకటి తీసింది. బండి ట్యాంకుకు తొడిగే కవరు. పైన మందపాటి జంపఖానా ముక్క, లోపల రంగు గీసుకుపోకుండా ఆ పట్టుచీర ముక్కే అస్తరు. కొలత ఎప్పుడు తీసిందో, అంగుళం తేడా లేదు.

"రాయి తాకితే దీనికి తాకుతది. నువ్వైతే పో."

బుధవారం పొద్దున నేనే తాడు విప్పాను. హరికృష్ణ గడపలోకొచ్చి, కంకర ఇంకా గట్లనే ఉన్నదని ఏదో చెప్పబోయి, ట్యాంకు మీద వాళ్ళమ్మ కుట్టు చూసి ఆగిపోయాడు. కింద తొంగి చూస్తున్న పట్టు అంచును గుర్తుపట్టినట్టున్నాడు. నేను తాళంచెవి అడగలేదు. మేకు మీంచి తీసుకున్నాను. ఆయన గేటు తీశాడు.

ఎండెక్కకముందే అంగన్‌వాడీ చేరాను. కమల ఇంకా కూలికి బయల్దేరలేదు. ఆమె బిడ్డకు సూది వేసి, ఏడుపు మాన్పించి, బండి దగ్గరికొచ్చి చూస్తే, ముందు మడ్‌గార్డు మీద, ఫిల్ము అందని అంచున, నువ్వుగింజంత రంగు కొత్తగా పోయి ఉంది. వేలితో తడిమి చూసుకున్నాను. సాయంత్రం దాన్ని ముందుగా మా అత్తమ్మకు చూపించాలి.