జారిన కుట్టు

ఎడ్మే ఇంకో కుట్టును సూదిమొనకు తగిలించి, తల ఎత్తకుండానే పక్క మిషను చప్పుడు విన్నది. రొకేయా ఇంకా కుడుతూనే ఉంది. ఆ చప్పుడు ఆగితే ఆ పిల్ల ఆఖరి కట్ట పూర్తయినట్టే.

వాకోవా ఊళ్లోని ఆ స్వెట్టర్ల కార్ఖానాలో వాళ్లది మెడపట్టీలు అతికే పని. ఎదురుగా పళ్లెమంత చక్రం, దాని అంచు చుట్టూ సూదిమొనలు. మెడలోని ప్రతి కుట్టునూ పట్టీలోని కుట్టుతో కలిపి ఒక్కో మొనకు తగిలించాలి. ఒక్కటి తప్పినా, ఏదో చలిదేశంలో ఎవరో మొదటిసారి ఉతికేసరికి మెడ ఊడివస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఎడ్మే చేతిలోంచి ఒక్క కుట్టూ జారలేదు. బొటనవేలి కొన కాయకాచి నున్నబడింది. చర్చిలో నిలబడినా ఆమె మెడ చక్రం మీదికి వంగినట్టే ఉంటుంది. భర్త గాస్తోన్ పోయాక ఇంట్లో వినిపించే గొంతు రేడియోదే.

నాలుగేళ్ల కిందట బంగ్లాదేశ్ నుంచి వచ్చిన రొకేయాను ఆమె పక్కన కూర్చోబెట్టారు. అప్పటికి ఆ పిల్లకు నీళ్లడగడానికి కూడా ఇక్కడి మాట రాదు. ఎడ్మే నేర్పింది. ఆదివారాల్లో రొకేయా హాస్టలు నుంచి వచ్చి, వాకిట్లో కూర్చుని ఎడ్మే తల దువ్వేది. తలమీద ఇంకొకరి చెయ్యి ఎంత హాయిగా ఉంటుందో ఎడ్మేకు అప్పుడే మళ్లీ గుర్తొచ్చింది.

ఇవాళ్టితో రొకేయా ఒప్పందం ముగిసింది. మూడున్నరకు విమానాశ్రయానికి వ్యాను. ఆఖరి కట్ట తనిఖీ దాటితేనే గేటు చీటీ ఇస్తారు. లోపం తేలితే ప్రయాణం ఆగిపోతుంది. వచ్చే వారం జట్టుతో వెళ్లాల్సిందే.

వచ్చే వారం అంటే మధ్యలో ఒక ఆదివారం ఉంటుంది.

మధ్యాహ్నం పక్క మిషను ఆగింది, రొకేయా చేతులు కడుక్కోవడానికి లేచింది. ఎడ్మే కొప్పులోంచి పిన్ను తీసింది. రొకేయా కట్టలో పైనున్న స్వెట్టరు అందుకుని, మెడ వెనక ఒక్క కుట్టును మెల్లగా ఊడదీసి, మళ్లీ మడతపెట్టింది. కొప్పు ఊడినా పిన్ను ఒళ్లోనే ఉంచుకుంది.

రొకేయా తిరిగొచ్చి కట్టను తనిఖీ బల్లమీద పెట్టి, ఎడ్మే పక్కన కూర్చుంది. ఇద్దరూ మిరపకాయ పచ్చడి రాసిన రొట్టె తుంచుకున్నారు.

"పిన్నీ, మా పాపకి నేను వచ్చేటప్పుడు రెండేళ్లు. ఫోన్లో అమ్మా అంటుంది గానీ, రేపు ఎదురుగా నిలబడితే మా అత్త వెనకాల దాక్కుంటుందేమో."

ఎడ్మే నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. తనిఖీ చేసే దేవంతి అప్పటికే దీపం వెలిగించింది. ఒక్కో మెడనూ వెలుగుతున్న గాజుబుడ్డికి తొడిగి తిప్పుతోంది. ఎడ్మే లేచి వెళ్లింది.

"ఏంటి ఎడ్మే, కూతుర్ని సాగనంపే దిగులా? ఆ కన్నీళ్లు చక్రం మీద పడితే తుప్పు పడుతుంది," అంది దేవంతి.

"పైనున్నది ఇటివ్వు. అందులో కుట్టు జారింది."

"కట్ట చీటీ మీద ఆ పిల్ల నెంబరుంది గదా."

"జారింది నా చేతిలో. నా పేరే రాయి."

దేవంతి మెడను దీపానికి తొడిగింది. మినపగింజంత వెలుగు బయటికి వచ్చింది. ఆమె ఎడ్మే ముఖంలోకి చూసింది, తరవాత ఊడిన కొప్పు వైపు చూసింది. లోపాల పలకమీద సుద్దముక్కతో ఎడ్మే పేరు రాసింది. ఆ పలకమీద ఆ పేరు పడడం అదే మొదలు. మిషన్ల దగ్గర ఒకరిద్దరు గుసగుసలాడుకున్నారు.

మూడున్నరకు రొకేయా గేటు చీటీతో పరుగున వచ్చింది. కింద వ్యాను హారను మోగుతోంది. ఆ పిల్ల ఎడ్మే రెండు చేతులూ పట్టుకుని, ఆ కాయకాచిన వేలిని నుదుటికి ఆనించుకుంది.

"ఆదివారం నువ్వే దువ్వుకోవాలి. చిక్కుంటే లాగకు పిన్నీ, కొసనుంచి విప్పు."

ఎడ్మే సరేనని తలూపింది. మెట్లమీద అడుగులు వినిపించినంతసేపూ నిలబడింది. తరవాత కూర్చుని, దేవంతి తిరిగిచ్చిన స్వెట్టరులో తాను ఊడదీసిన కుట్టును మళ్లీ మొనకు తగిలించింది. దారం కింద పడింది. తీయబోయి వంగితే, పక్క మిషను కింద చెక్క కనిపించింది. పొట్టిపిల్ల రొకేయాకు కాళ్లు నేలకు అందవని ఎవరో బిస్కెట్ల పెట్టెలోంచి కోసి వేసిన చెక్క. దానిమీద రెండు మడమల గుంతలు, కుడివైపుది కాస్త లోతుగా.