పచ్చబడని కుండీ

పోలీసు చర్య జరిగి పదేళ్లవుతున్నా ఆ ఊళ్లో దొర మాటే మాట. ఆసిఫాబాద్ చలికి అనాస బతకదంటే, తానుండే గడి బంగళా వెనుక అద్దాల ఇల్లు కట్టించి కుండీల్లో పెంచాడాయన. ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఆ వానాకాలం అనాసల లేత ఆకులు పసుపు తిరిగి పాలిపోయాయి. అదే వారం దొర మనుమడు జ్వరాన పడ్డాడు. కాకి వాలింది, తాటిపండు పడింది. జనం రెంటికీ ముడిపెట్టారు.

కుండీలకు నీళ్లు పోసేది ఐలవ్వ. మొగుడు పోయిన ఒంటరి మనిషి, పైగా నోటి దురుసు. ఇంకేం కావాలి? బాణామతి చేసిందన్నారు. ఆ నింద పడ్డ ఆడదాన్ని మంత్రం పలకనివ్వకుండా పళ్లు పీకేసే కాలమది. దొర ఆమెను అద్దాల ఇంటి గడప తొక్కొద్దన్నాడు. ఆపై ఏం చేయాలో ఇంకా చెప్పలేదు, అంతే.

తోటమాలి గులాం నబీకి ఒళ్లు మండింది. జబ్బు ఎక్కడిదో అతనికి తెలుసు. ఎండకు మొక్కలు మాడకుండా వేసవిలో అద్దాలకు సున్నం పూశారు. వానకు అది కరిగి సందుల్లోంచి కుండీల్లోకి కారుతోంది. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు.

"బాణామతి గాదు దొరా, సున్నం. అన్నభేది ఇనుప మందే గదా, నీళ్లల్ల కలిపి ఆకుల మీద కొడ్త. పచ్చవడ్తయి."

"పచ్చవడితె? ఐలవ్వ ఇటు వస్తలేదు గాబట్టి పచ్చవడ్డయంటం," అంది దొరసాని.

నబీకి పంతం వచ్చింది. "గట్లయితె ఒక్క కుండీకి మందు కొట్టకుండ ఇడిసిపెడ్త. గదొక్కటి పసుపుగనే ఉంటె, ఐలవ్వ తప్పు లేనట్టే."

దొర సరేనన్నాడు. నబీ నేరుగా ఐలవ్వ గుడిసెకు పోయాడు.

"ఫికర్ చేయకవ్వా. నేనున్న."

"నువ్వొక్కనివే ఉన్నవు కొడుకా," అని ఏడ్చింది.

అద్దాలు కడిగి, మందు కొట్టాడు. కొన్నాళ్లకు అనాసలన్నీ పచ్చబడ్డాయి. వదిలేసిన కుండీ ఒక్కటే పాలిపోయి నిలిచింది. నబీ సంతోషం పట్టలేక దొరనూ దొరసానినీ తనే పిలుచుకొచ్చాడు. మనుమడి జ్వరం మాత్రం ఇంకా తగ్గలేదు.

దొరసాని పచ్చటి మొక్కల వైపు చూడనేలేదు. ఆ కుండీ ముందు ఆగిపోయింది.

"బాణామతి అన్నిట్లకెళ్లి పోయింది. గీ దాంట్లనే దాగింది. గందుకే పోరనికి జరం దిగుతలేదు."

"అమ్మా! దానికి మందు నేనే కొట్టలే గదా!"

"నువ్వు కొట్టకుండుడు గాదు. అది కొట్టనియ్యలే."

నబీ మందు బుడ్డి అందుకుని ఆ కుండీ వైపు నడిచాడు. దొర అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్యి. ముందుగాల ఐలవ్వను తోల్కరాపో," అన్నాడు నెమ్మదిగా. "మావోళ్లు పోతె ఉరుకుతది. నువ్వు పిలిస్తె వస్తది."