చంద్రయ్య ఆఖరి ట్యూనింగ్

కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే సన్న జెట్ తీసి అసలు సైజుది బిగించాక, చంద్రయ్య ఎడమ అరచేతిని ఇంజను మీద ఆనించాడు. బొటనవేలి మీద పాత కాలిన మచ్చ, గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డు. జనగామ నుంచి వచ్చి నాచారంలోని ఈ షెడ్డులో చేరి ముప్పై రెండేళ్ళు.

వ్యాను తారామణిది. ఉప్పల్ మెట్రో కింద అందులోనే టిఫిన్లు అమ్ముతుంది.

“మైలేజీ కోసమని వేరే మెకానిక్ ఒకాయన పెట్రోల్ తగ్గించాడండీ. అప్పట్నుంచి ఎత్తు ఎక్కనంటోంది,” అంది.

చంద్రయ్య తలూపి, పక్కన పని నేర్చుకుంటున్న మానసను పిలిచాడు. నాలుగేళ్ళుగా ఆమె చేత ఆయిలు, ప్లగ్గులే మార్పించాడు. ట్యూనింగ్ ఎవరికీ వదల్లేదు.

“పెట్రోల్ తక్కువైతే మంట నిదానంగ పాకుతది. అందుకే ఆయన స్పార్కు పడే టైము ముందుకు జరిపిండు. గిప్పుడు పెట్రోల్ సరిజేసినం, మంట జల్ది పాకుతది. స్పార్కు ఎన్కకు తేకపోతే ఇంజను లోపల కొడ్తది.”

“ఎంత ఎన్కకు, కాకా?”

“సప్పుడు ఇని జెప్పాలె.” అతని గొంతు తగ్గింది. “నాకు ఇనబడ్తలేదమ్మా. పోయిన నెల గా బండి పిస్టన్‌కు బొక్క పడ్డది, గీ కొట్టుడు నాకు ఇనబడకనే.”

ఆ రోజు షెడ్డు ఓనర్ మహిపాల్ తప్పు కల్తీ పెట్రోల్‌దని తేల్చేశాడు. చంద్రయ్య నోరు విప్పలేదు. అప్పటి నుంచి సరిగా నిద్ర లేదు.

మానస వ్యాను తీసి ఎత్తు రోడ్డు ఎక్కించింది. పక్క సీట్లో కూర్చున్న చంద్రయ్య ఇంజను వైపు చూడలేదు, ఆమె ముఖమే చూశాడు.

“కొడ్తంది కాకా! కంకర రాళ్ళు డబ్బాల ఏసినట్టు.”

బండి ఆపించి, స్పార్కు టైము మార్చే డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పాడు. మళ్ళీ ఎక్కించారు, ఇంకా కొట్టింది. మూడోసారి స్పానర్ ఆమె చేతికిచ్చాడు. తిప్పి, బిగించి, ఎత్తు ఎక్కించింది. ఆమె నుదుటి మీది ముడత విడిపోవడం చూశాడు.

“సప్పుడే లేదు. సాఫ్‌గ గుంజుతంది.”

తారామణి వ్యాను తీసుకుని వెళ్ళాక అతను మహిపాల్ ముందు నిలబడి పిస్టన్ సంగతి చెప్పేశాడు. “గా బండాయనకు నేనే జెప్త. రేపటి సంది రాను. చెవులు సూపిచ్చుకునేటందుకు దవాఖానాకు వోతున్న. ట్యూనింగ్ మానస జేస్తది.”

“మంచిదే అన్నా,” అన్నాడు మహిపాల్.

సాయంత్రం చంద్రయ్య చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, మామూలుగానే బస్టాపు వైపు నడిచాడు. షెడ్డులో మానస మరో బండి బానెట్ ఎత్తి, తల వంచి వింటోంది. ఆమె వెనక గోడ మేకుకు చంద్రయ్య విడిచిన ఖాకీ చొక్కా వేలాడుతోంది. దాని చేతులు ఇంకా మోచేతుల దాకా మడిచే ఉన్నాయి.